ఏడుపు వస్తేనే నటన వచ్చినట్టా? శిక్షణలో ఉన్న ఒకరి సందేహం

ప్రశ్న

నమస్కారం. నాకు 27 ఏళ్లు. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, అయిదు నెలలుగా సాయంత్రం పూట ఒక నటనా శిక్షణ సంస్థకు వెళ్తున్నాను. సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. మా బ్యాచ్‌లో సినిమా అవకాశాల కోసం చేరినవారే ఎక్కువ; నేను మాత్రం నలుగురిలో నోరు విప్పలేని నా బిడియం కొంతైనా పోతుందేమోనన్న ఆశతో చేరాను. మొదటి మూడు నెలలూ ఆ ఆశ వమ్ము కాలేదు. ఊపిరి, ఉచ్చారణ సాధన చేసిన తరువాత, కౌంటరు అవతలి మనిషి నన్ను "ఏమన్నారు?" అని రెండోసారి అడగడం బాగా తగ్గింది.

గత నెలలో 'భావ స్మృతి' అనే అభ్యాసం మొదలుపెట్టారు. కళ్లు మూసుకుని, జీవితంలో అత్యంత బాధ కలిగిన రోజును, ఆనాటి గదినీ వాసననూ చేతికి తగిలిన వస్తువునూ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకోవాలి. మా నాన్నగారు పోయి ఏడాదిన్నర అయింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో ఆయన కళ్లజోడు పెట్టెను చేతిలో పట్టుకుని, దాని మూతను తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను. ఆ టక్కుమనే చప్పుడు గుర్తుకు రాగానే నాకు ఏడుపు ఆగలేదు. మా శిక్షకులు అందరిచేతా చప్పట్లు కొట్టించి, ఈ రోజు నీలో నటుడు పుట్టాడని అన్నారు. అప్పటి నుంచి సన్నివేశం ఏదైనా సరే, ఆ జ్ఞాపకాన్నే వాడమంటున్నారు. మూడు వారాలుగా నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. పైగా నాలుగోసారి ఏడుపు కూడా రాలేదు. నాన్నను అమ్ముకుంటున్నానన్న భావన మాత్రం మిగిలింది. వ్యక్తిగా ఎదగడమంటే ఇదేనా? వచ్చే ఏడాది విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల పీజీకి దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. అక్కడ కూడా ఇదే పద్ధతి అయితే మానుకోవడం మంచిదా?

మొదటి సమాధానం

నేను చాలా ఏళ్లుగా రంగస్థల శిక్షణలో ఉన్నాను. మీ చేత చేయించిన అభ్యాసానికి పెద్ద చరిత్రే ఉంది. దాన్ని సగం చెప్పి వదిలేయడం వల్లనే మీకు ఈ చిక్కు వచ్చిందని నా అభిప్రాయం. ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో రాతల నుంచి ఈ ఊహను తీసుకుని, మాస్కోలో రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ తన నటుల చేత సాధన చేయించిన మాట నిజమే. అయితే జీవితపు చివరి దశలో ఆయనే ఆ దారి నుంచి చాలా దూరం జరిగి, పాత్ర చేయవలసిన పనిని శరీరంతో నిజంగా చేస్తే భావం దాని వెంట తానే వస్తుందన్న పద్ధతికి చేరుకున్నాడు. 1934లో అమెరికన్ నటి స్టెల్లా ఆడ్లర్ పారిస్‌లో ఆయనతో కొన్ని వారాలు పనిచేసి న్యూయార్కుకు తిరిగి వెళ్లి, నాటకంలోని పరిస్థితులనూ ఊహనూ నమ్ముకోవాలే తప్ప సొంత గాయాలను ఇంతగా తవ్వుకోనక్కరలేదని తోటివారికి చెప్పింది. భావ స్మృతినే గట్టిగా నమ్మి ఆ బృందానికి శిక్షణ ఇస్తున్న లీ స్ట్రాస్‌బర్గ్ అందుకు ఒప్పుకోలేదు. కానీ అంతటి స్ట్రాస్‌బర్గ్ కూడా కనీసం 7 ఏళ్లు గడిచిన అనుభవాన్నే వాడుకోమనేవాడు. మీది ఏడాదిన్నర నాటిది, ఇంకా పచ్చిగా ఉన్న పుండు.

మన నాట్యశాస్త్రం కన్నీటిని ఎనిమిది సాత్త్విక భావాలలో ఒకటిగా లెక్కించింది. ఆ సత్త్వం పుట్టేది సమాహితమైన మనస్సు నుంచి, అంటే చెదరకుండా కుదురుగా నిలిచిన మనస్సు నుంచి అని కూడా చెప్పింది. ఆ రోజు మీకు వచ్చింది దుఃఖం. దానికి చప్పట్లు కొట్టించడం నాకు నచ్చలేదు. నాలుగోసారి ఏడుపు రాకపోవడం మీ లోపమూ కాదు, మీ నాన్నగారికి చేసిన అపచారమూ కాదు. ఒకే జ్ఞాపకాన్ని మళ్లీ మళ్లీ తోడితే ఎవరికైనా అంతే జరుగుతుంది.

మీ బిడియానికి పనికొచ్చే అభ్యాసం వేరే ఉంది. అమెరికన్ నటనా శిక్షకుడు శాన్‌ఫర్డ్ మైజ్నర్ రూపొందించిన దాన్ని నేను తెలుగులో ఇలా చేయిస్తాను. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు "నీ చొక్కా గుండీ ఊడింది" అంటే, రెండోవారు "నా చొక్కా గుండీ ఊడింది" అంటారు. ఏమీ కలపకుండా ఆ మాటనే అటూ ఇటూ అనుకుంటూ పోవాలి. రెండు నిమిషాలు నవ్వులాటగా ఉంటుంది. తరువాత గొంతు మారుతుంది. అదే మాట ఒకసారి ఎగతాళిగా, ఒకసారి జాలిగా, ఒకసారి తగువుగా వినిపిస్తుంది. ఎదుటివారిని గమనించడంలో మునిగిపోయిన మనిషికి, తాను ఎలా కనిపిస్తున్నానన్న బెంగ పెట్టుకునే తీరిక ఉండదు.

ఇక పీజీ విషయానికి వస్తే, 1988లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఏర్పడిన రంగస్థల కళల విభాగం గానీ, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ విభాగం గానీ, మూడేళ్ల కోర్సు ఉన్న ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయం గానీ ఒక్క పద్ధతి మీద నడిచేవి కావు. దేహ చలనం, వాచికం, దర్శకత్వం, రంగాలంకరణ, రంగం మీది వెలుతురు అమరిక అన్నీ కలిసే ఉంటాయి. కాబట్టి నిరభ్యంతరంగా దరఖాస్తు చేయండి. నిద్ర పట్టని సంగతి మాత్రం నటనా గురువు చూడవలసినది కాదు, వైద్యులది. మొహమాటమైతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

రెండో సమాధానం

మాది కన్నడ సరిహద్దున మడకశిర వైపు. నేను కర్ణాటకలోని హెగ్గోడులో ఉన్న నీనాసం అనే నాటక సంస్థలో ఏడాది కోర్సు చేశాను. ఎదుగుదల గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. అక్కడ నా వ్యక్తిగత దుఃఖం గురించి ఎవరైనా అడిగినట్టు నాకు గుర్తు లేదు. పొద్దున్నే నేల ఊడ్చి దేహసాధన చేయడం, మధ్యాహ్నం చదవడం, సాయంత్రం రిహార్సలు, మధ్యలో కొయ్య పలకలు మోయడం, దుస్తులు కుట్టడం. ఒక నాటకంలో నా పని పక్కతెర వెనుక నిలబడి, సరైన క్షణంలో ఇత్తడి చెంబును రంగం మీదికి దొర్లించడం. అరక్షణం ముందు వదిలితే నటి మాట మునిగిపోతుంది, ఆలస్యమైతే ఆమె ఉలిక్కిపాటుకు అర్థముండదు. పదకొండు ప్రదర్శనల్లో నేను సరిగ్గా వదిలింది ఏడుసార్లు. ఇంట్లో ఎవరి మాటనూ పూర్తిగా వినే అలవాటు లేని నేను, మరొకరి ఊపిరిని బట్టి కదలడం ఆ చెంబు దగ్గర నేర్చుకున్నాను. మొదటి సమాధానంలో చెప్పినదానితో నాకు పేచీ లేదు. కాకపోతే అభ్యాసాల కంటే నాటకం పనే ఎక్కువ నేర్పుతుందని నా అనుభవం.

మూడో సమాధానం

నేను గుంటూరు జిల్లాలో పరిషత్తు నాటకాలు ఆడినవాణ్ని, ఇప్పుడు విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. బాబూ, మా కాలంలో శిక్షణాలయాలు లేవు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభివారి పిల్లలు తల్లిదండ్రుల పక్కనే రంగం ఎక్కి నేర్చుకున్నారు. మేము పెద్దల చేత తిట్లు తిని నేర్చుకున్నాం. ఒక్క మాట చెబుతాను. హరిశ్చంద్ర కాటి సీనులో నటుడు నిజంగా ఏడిస్తే గొంతు పూడుకుపోతుంది, శ్రుతి పోతుంది, హార్మోనియం ఒక దారి, పద్యం ఒక దారి అవుతాయి. ఏడవవలసింది చాప మీద కూర్చున్న ప్రేక్షకుడు. ఒకసారి మా ఊళ్లో ఆ వేషం కట్టినాయన జనాన్ని వెక్కివెక్కి ఏడిపిస్తూనే, రాగాలాపన మధ్యలో కనుసైగతో పెట్రోమాక్సు లైటుకు గాలి కొట్టించుకోవడం నేను కళ్లారా చూశాను. అంత స్వాధీనం ఉండాలి. అయితే ఎక్కడా నేర్చుకోనక్కరలేదని మాత్రం అనను. మాకు తిట్లతో పోయిన ఏళ్లు మీకు పాఠాలతో మిగులుతాయి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. డాక్టరుగారిని కలిశాను, నిద్ర కొంత నయం. ఆ జ్ఞాపకాన్ని ఇక వాడనని మా శిక్షకులకు చెప్పేశాను. ఆయన ముఖం చిట్లించి, అయితే ఏం వాడతావో చూద్దామన్నారు. నిన్నటి సన్నివేశంలో నాది, అమ్మేసిన ఇంటి తాళాలు కొనుక్కున్నావిడకు అప్పగించే అన్న పాత్ర. గుత్తిలో నుంచి మా బీరువా తాళంచెవి ఒక్కటీ తీసుకుని మిగతావి ఇవ్వాలి. ఆ ఇనుప రింగు నిజంగానే బిగుసుకుపోయి ఉంది, గోరు విరిగింది. ఎదురుగా ఉన్న అమ్మాయి కాసేపు చూసి, స్క్రిప్టులో లేకపోయినా, "ఇలా ఇవ్వండి, నేను తీస్తాను" అంది. నేను గుత్తి ఆవిడ చేతిలో పెట్టి, నా తాళంచెవి కోసం చెయ్యి చాపి నిలబడ్డాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శిక్షకులు కాసేపు ఊరుకుని, "రేపు ఇదే మళ్లీ చేయండి" అన్నారు.