అప్‌డేట్: డవ్‌డేల్ చుట్టి వచ్చాం

ఇంగ్లండ్‌లోని డవ్ నది లోయను ఏ వైపు నుంచి చుట్టాలి, వానలు పడితే నది దాటే రాళ్లు మునుగుతాయా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఐలమ్‌లో బయలుదేరి, పొలాల మీదుగా స్టాన్‌షోప్, మిల్‌డేల్ చేరి, నది వెంట కిందికి వచ్చాం. ఎక్కుడంతా ముందే అయిపోయింది, మోకాళ్లు మిమ్మల్ని దీవించాయి!

మిల్‌డేల్ వంతెన దగ్గర అరగంట గడిపాం. పిట్టగోడ మోకాలి ఎత్తు కూడా లేదనిపించింది. పూర్వం సరుకు మోసే గుర్రాలు దాటిన వంతెన కదా, పక్కలకు వేలాడే మూటలు తగలకుండా గోడలు అంత పొట్టిగా కట్టారట.

అక్కడి నుంచి దారి సులువే, కానీ తడిసిన సున్నపురాయి సబ్బులా జారుతుంది. నేను ఒకసారి కూర్చున్నాను కూడా, నా ఇష్టంతో కాదు. చివర్లో, థోర్ప్ క్లౌడ్ కొండ కింద, రాళ్లలో రెండింటి మీదుగా నీళ్లు పారుతున్నాయి. మా ఆవిడ 'వద్దు' అంది. కాస్త దిగువన ఉన్న కాలివంతెన మీదుగా దాటాం. రాళ్ల మీద ఫోటో మాత్రం బాకీ ఉంది.