సైనికుడి ఉత్తరమా, ప్రచార విభాగం రాసిందా? తేల్చడం ఎలా?

ప్రశ్న:
యుద్ధాల నాటి సైనికుల ఉత్తరాలంటూ చాలా స్కాన్ కాపీలు తిరుగుతున్నాయి. చదివితే గుండె బరువెక్కుతుంది. కానీ అవి ఆ మనిషి రాసినవేనా, శత్రువో సొంత సైన్యమో పుట్టించినవా? భాష, శైలి చూసి చెప్పగలమా?

జవాబు 1:
శైలిని నమ్ముకుంటే మోసపోతారండీ. దొంగ ఉత్తరాలు రాసేవాళ్లు ఆ భాషలో చేయి తిరిగినవాళ్లు. జర్మన్ యుద్ధ పైలట్ వెర్నర్ మోల్డర్స్ నిష్ఠగల క్యాథలిక్. 1941 నవంబరు 22న విమాన ప్రమాదంలో పోయాడు. 1942 జనవరికల్లా, ఆయన ఒక మతగురువుకు, నాజీలకు గిట్టని తన క్యాథలిక్ విశ్వాసం గురించి రాసుకున్నట్టు ఉత్తరం జర్మనీ అంతా పాకింది. తయారుచేసింది బ్రిటిష్ వాళ్లు, విమానాల్లోంచి జారవిడిచిందీ వాళ్లే. కాగితం మాత్రం జర్మన్ వైమానిక దళం ఫారంలా ఉంటుంది. తోటి పైలట్లే చాటుగా పంచుతున్నారని జనం అనుకోవాలి కదా. చర్చిల్లో చదివి వినిపించారు. పుట్టించినవాణ్ణి పట్టిస్తే 1,00,000 రైష్‌మార్కులిస్తామని నాజీలు చెప్పినా ఆగలేదు. పోయినవాడు లేచొచ్చి కాదనలేడు. ఘనంగా సాగనంపిన వీరుణ్ణి నాజీ ప్రభుత్వం తిట్టనూ లేకపోయింది. అందుకే, ఉత్తరం బయటపడేనాటికి సంతకందారు బతికున్నాడా అన్నది ముందు చూడండి.

జవాబు 2:
కవరు రెండు వైపులా స్కాన్ అడగండి, ఉత్తరం ఒక్కటే చాలదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుడి చిరునామాగా ఊరు ఉండదు, మామూలుగా ఐదంకెల ఫీల్డ్‌పోస్ట్ (సైనిక తపాలా) నంబరు ఉంటుంది. సాధారణ ఉత్తరానికి స్టాంపూ అక్కర్లేదు. ఆ నంబరు ఏ దళానిదో పట్టికల్లో దొరుకుతుంది. కాకపోతే ఒకే నంబరు తర్వాత మరో దళానికీ వెళ్లేది, కాబట్టి తపాలా ముద్ర మీది తేదీతో కలిపే చూడాలి.

అసలు కాగితమే చేతికొస్తే 10 రెట్ల భూతద్దం పెట్టండి. కలం గీతలు ఒకదాన్నొకటి దాటే చోట సిరా చిక్కబడుతుంది. అచ్చువేసిన చేతిరాతలో అది ఉండదు.

జవాబు 3:
సొంత సైన్యం పంపినవాటికి ఇవేవీ పనికిరావు, ఎందుకంటే సైనికుడు, చిరునామా రెండూ నిజమే. 2003లో ఇరాక్‌లోని కిర్కుక్ నుంచి ఒకే ఐదు పేరాల ఉత్తరం వేర్వేరు అమెరికా సైనికుల పేర్లతో 11 పత్రికల్లో వచ్చింది. దళాధిపతే రాయించి పంపించాడు. అమెరికాలోని ఒలింపియా నగరంలో ఒక పత్రికకు ఇద్దరు స్థానిక సైనికుల పేరిట అచ్చం అదే రెండుసార్లు రావడంతో గుట్టు బయటపడింది. ఉత్తరంలోంచి ఏడెనిమిది మాటల వరుసను, ఊరి పేర్లు లేనిదాన్ని, కోట్స్‌లో పెట్టి వెతకండి. సైనికుడి సొంతూరి పత్రికల్లోనూ చూడండి.

ప్రశ్న అడిగినవారు:
కవరు పోయి, చేతిరాత కూడా నిజమైన సిరాదే అయితే?

జవాబు 1:
అప్పుడు ఆ ఉత్తరం చదివిన ఇంటివాళ్లు వెంటనే ఏం చేస్తారో ఆలోచించండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున రహస్య ప్రచారం నడిపిన సెఫ్టన్ డెల్మర్ బృందం చేసిన పని ఇదే. జర్మన్ ఆసుపత్రులు ఫలానా సైనికుడు పోయాడు, బంధువులకు చెప్పండి అని స్థానిక నాజీ పార్టీ అధికారికి రేడియోలో పంపే సందేశాలను విని, పేరూ చిరునామా రాసుకునేవారు. తర్వాత ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, చేత్తోనే, తల్లిదండ్రులకు ఓదార్పు ఉత్తరం. అందులో ఒక్క వాక్యం: మీవాడి బంగారు శిలువ మీకందించమని మీ ఊరి పార్టీవాళ్లకు అప్పగించాం. ఆ శిలువ ఎప్పుడూ లేదు. తల్లిదండ్రులు వెళ్లి అడుగుతారు, అధికారి తనకేమీ తెలియదంటాడు, కొడుకు వస్తువు కాజేశాడని ఊరంతా నమ్ముతుంది. కాబట్టి చనిపోయినవాడి వస్తువు ఫలానా అధికారి దగ్గరుంది అనే వాక్యం కనిపిస్తే, ఆ కుటుంబానికి అదే ఆసుపత్రి నుంచి వచ్చిన మరో కాగితం ఏదైనా ఉందేమో చూసి, లెటర్‌హెడ్‌నూ సంతకాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చండి.