జీఈడీని కఠినం చేసి పెద్దవాళ్ళకు మేలు చేశారా, కీడు చేశారా?

సాయంకాలం బడి (చర్చ మొదలుపెట్టినవారు):

అమెరికాలో హైస్కూలు పూర్తిచేయని పెద్దవాళ్ళు రాసే తత్సమాన పరీక్ష జీఈడీ. దాని ప్రస్తావన ఇక్కడ అప్పుడప్పుడు వస్తూనే ఉంది గానీ, 2014 నుంచి అందులో జరిగిన మార్పుల మంచిచెడ్డలను ఎవరూ తీరిగ్గా మాట్లాడినట్టు లేదు. నేను న్యూజెర్సీలో ఒక గ్రంథాలయంలో వారానికి రెండు సాయంత్రాలు పెద్దవాళ్ళకు లెక్కలు చెబుతాను. నా మాట ముందుగానే చెప్పేస్తున్నాను: 2014లో ఈ పరీక్షను మార్చిన తీరు అన్యాయం. ప్రశ్నలు కష్టమయ్యాయని కాదు, ఒకే పత్రం చేత రెండు వేర్వేరు పనులు చేయించబోయారని.

చదువు మధ్యలో ఆపి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన సైనికులు తిరిగొచ్చాక మళ్ళీ బడి బెంచీల మీద కూర్చోనక్కరలేకుండా 1942లో ఈ పరీక్షను తయారుచేశారు. 1947లో న్యూయార్క్ రాష్ట్రం మామూలు పౌరులకు కూడా దీన్ని తెరిచింది. తర్వాత 1978, 1988, 2002లలో మారింది. 1988లో వ్యాసరచన చేరింది. అంటే మార్పు దీనికి కొత్త కాదు. 2014లో మాత్రం నాలుగు మార్పులు ఒకేసారి మీద పడ్డాయి. అప్పటిదాకా పరీక్ష నడిపిన అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 2011లో పియర్సన్ కంపెనీతో జతకట్టింది; ఆ తర్వాత వచ్చిన కొత్త పరీక్షలో కాగితం, పెన్సిలు పోయి కంప్యూటరు ఒక్కటే మిగిలింది. పాఠశాలల కోసం రూపొందిన కామన్ కోర్ ప్రమాణాలే దీనికీ కొలబద్ద అయ్యాయి. ఐదు భాగాలు నాలుగయ్యాయి, రుసుము చాలా రాష్ట్రాల్లో 120 డాలర్లకు చేరింది. అన్నిటికన్నా ఘోరమైనది నాలుగోది: పాత పరీక్షలో ఐదు భాగాలకు నాలుగు గట్టెక్కినవాళ్ళయినా సరే, 2013 చివరికల్లా ఐదోది పూర్తిచేయకపోతే ఆ నాలుగూ చెల్లకుండా పోయి మళ్ళీ మొదటికి రావలసి వచ్చింది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. గోదాములోనో, వృద్ధుల సంరక్షణలోనో పని వెతుక్కునే మనిషికి "ఇతను హైస్కూలు ముగించినవాడితో సమానం" అన్న ముక్క చాలు. కాలేజీకి కావలసింది "ఇతను మా తరగతిలో నిలదొక్కుకోగలడు" అన్న భరోసా. 2014లో కాలేజీకి సిద్ధమైనవారి కోసం 170 మార్కుల దగ్గర ఒక గీత గీసినా, మామూలుగా పాసయ్యే గీతలోనే ఈ రెంటినీ కలిపేసి దాన్ని 150 దగ్గర గీశారు. 2016 జనవరిలో వాళ్ళే ఆ పాసయ్యే గీతను 145కి దించి, కాలేజీకి సిద్ధమైనవారి కోసం 170కి బదులు 165 దగ్గర ఒకటి, 175 దగ్గర ఇంకొకటి గీశారు. మొదటి రెండేళ్ళు తప్పు చేశామన్న ఒప్పుకోలుగానే నేను దీన్ని చదువుతాను.

లెక్కల మాస్టారు:

మీ ఆవేదన అర్థమైంది గానీ మీ తర్కం నాకు మింగుడుపడలేదు. మన ఉద్యోగ ప్రకటనల్లో "పదో తరగతి లేదా తత్సమాన అర్హత" అని రాస్తారు. ఆ "తత్సమానం" నిజంగా సమానమని చదివేవాడు నమ్మినంతకాలమే దానికి విలువ. పాత జీఈడీ మీద ఆ నమ్మకం ఎప్పుడో సడలింది. ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జేమ్స్ హెక్‌మన్, స్టీఫెన్ కామెరాన్‌తో కలిసి 1993లోనే దీన్ని లెక్కలు కట్టి చూపించాడు: సంపాదనలో జీఈడీ పట్టా ఉన్నవాళ్ళు హైస్కూలు ముగించినవాళ్ళ సరసన లేరు, మధ్యలో మానేసినవాళ్ళకు దగ్గరగా ఉన్నారు. పైగా ఈ పట్టాతో కమ్యూనిటీ కాలేజీలో చేరినవాళ్ళలో ఎందరో మొదటి ఏడాదంతా హైస్కూలు లెక్కలనే, క్రెడిట్లు రాని, అంటే డిగ్రీ లెక్కలోకి రాని, తరగతుల్లో, డబ్బు కట్టి మళ్ళీ చదవవలసి వచ్చేది. ఆ అన్యాయం మీకు కనిపించలేదా?

మన దగ్గర ఓపెన్ టెన్త్ సంగతి చూడండి. మాస్ కాపీయింగ్ వార్త వచ్చినప్పుడల్లా, పగలంతా పొలంలో పనిచేసి రాత్రి దీపం దగ్గర చదివి పాసైన ఆడపిల్ల పత్రాన్ని కూడా జనం అదే కళ్ళతో చూస్తారు. పరీక్ష తేలికైతే మొదట నష్టపోయేది నిజాయితీగా చదివినవాళ్ళే.

ఓవర్‌టైమ్:

మాస్టారూ, నమస్కారం. నేను జీఈడీ రాసినదాన్ని, కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. మా ఊళ్ళో పదో తరగతి తప్పాక పెళ్ళి చేశారు. పిల్లలు పుట్టాక ఆయనతో ఇక్కడికి వచ్చాను. 2014లో చదవడం మొదలుపెట్టినప్పుడు నాకు లెక్కలంటే భయం లేదు, చేతిలో మౌస్ అంటేనే భయం. భాషా పరీక్ష మొత్తం రెండున్నర గంటలు. అందులో రెండు వ్యాసాలు చదివి, ఎవరి వాదనకు ఆధారాలు బలంగా ఉన్నాయో 45 నిమిషాల్లో టైపు చేసి చెప్పాలి. నాకు వాదన దొరికేది, అక్షరాలు దొరికేవి కావు. మా పక్కింటి పదకొండేళ్ళ పాప రాత్రిళ్ళు కూర్చోబెట్టి నేర్పింది. సాంఘికశాస్త్రంలో సగం ప్రశ్నలు ఇక్కడి రాజ్యాంగం, ప్రభుత్వం మీదే ఉంటాయని తెలిశాక పౌరసత్వ పరీక్ష పుస్తకమే రెండుసార్లు తిరగేశాను.

2015 వేసవిలో మూడు భాగాలు పాసయ్యాను. లెక్కల్లో 147 వచ్చింది, తప్పాను. మరో తేదీ తీసుకోవడానికి డబ్బు కూడబెట్టుకుంటున్నాను. 2016లో గీత 145కి దిగింది. మా రాష్ట్రం దాన్ని 2014 నుంచి వచ్చిన మార్కులన్నిటికీ వర్తింపజేయడంతో, నేను ఒక్క లెక్క కూడా కొత్తగా చేయకుండానే పాసైనదాన్ని అయిపోయాను. సంతోషించాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆ ఎనిమిది నెలలు నేను తప్పినదాన్నా, పాసైనదాన్నా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

లెక్కల మాస్టారు:

అమ్మా, మీ పట్టుదలకు నమస్కారం. అయినా మీ అనుభవం నా వాదననే బలపరుస్తున్నదని మొండిగా అంటాను. ఆ కంప్యూటరు పరీక్షే లేకపోతే మీరు టైపింగు నేర్చుకునేవారా? ఈ రోజుల్లో దుకాణంలో గల్లాపెట్టె దగ్గర నిలబడాలన్నా తెర ముందు తడబడకూడదు కదా. ఇక గీత దించడమంటారా, పాసైనవాళ్ళు కాలేజీల్లో ఎలా నెగ్గుకొస్తున్నారో గమనించి, వాళ్ళు మామూలు హైస్కూలు పట్టభద్రులకు తీసిపోవడం లేదని, కొన్నిచోట్ల మెరుగ్గానే ఉన్నారని తేలిన మీదట దించారు. ఆధారం చూసి గీత సరిచేసుకున్నవాళ్ళను తప్పుపట్టడం ఎందుకు?

సాయంకాలం బడి:

మాస్టారూ, టైపింగు రావాలన్నదానితో నాకు పేచీ లేదు. టైపింగు రానివాడికి లెక్కలు రావని పత్రం రాసివ్వడంతోనే పేచీ. మీరు చెప్పిన ఆధారాన్ని తిరగేసి చూడండి: గీత దాటినవాళ్ళు హైస్కూలు పట్టభద్రుల కన్నా మెరుగ్గా ఉన్నారంటే, ఆ గీత హైస్కూలుకు సమానంగా కాక దాని కన్నా ఎత్తులో ఉందనే కదా అర్థం. సమానమని పేరు పెట్టి ఎక్కువ అడిగారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ పరీక్ష గీతలను గాలిలో గీయరు. హైస్కూలు చివరి ఏడాది పిల్లల చేత ముందుగా రాయించి, వాళ్ళ మార్కులను బట్టి గీస్తారు. 2002 నాటి పరీక్షలో ఆ గీత ఎక్కడ పెట్టారంటే, పట్టా అందుకోబోతున్న ఆ పిల్లల్లోనే నూటికి 40 మంది తప్పుతారు. మీరు "తేలిక" అంటున్న పాత పరీక్ష ఇది. ఆ 40 మందికీ బడి పట్టా ఇచ్చి పంపింది; ఎవరూ వాళ్ళను మళ్ళీ పిలిచి పరీక్షించలేదు.

హెక్‌మన్ మాటకు వస్తే, ఆయన చెప్పింది ప్రశ్నలు తేలికని కాదు. జీఈడీ నెగ్గినవాళ్ళ తెలివి, కాలేజీకి వెళ్ళని హైస్కూలు పట్టభద్రుల తెలివికి తీసిపోదనే ఆయనా ఒప్పుకున్నాడు. వేళకు రావడం, మొదలుపెట్టినది ముగించడం లాంటి గుణాలను ఏ పరీక్షా కొలవలేదని, తేడా అక్కడ ఉందని ఆయన వాదన. అలాంటప్పుడు బీజగణితం పాలు పెంచితే ఆ తేడా ఎలా పూడుతుంది? కడుపునొప్పికి కళ్ళజోడు ఇచ్చినట్టుంది.

కొత్త సభ్యుడు:

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా మేనత్త కూతురు ఇంటర్ పాసై పెళ్ళి చేసుకుని టెక్సాస్ వచ్చింది. ఇక్కడ కాలేజీలో చేరాలంటే తనూ ఈ పరీక్ష రాయాలా?

సాయంకాలం బడి:

సాధారణంగా అక్కర్లేదు. ఇంటర్ పూర్తయితే అది ఇక్కడి హైస్కూలుకు సరిపోతుంది. మార్కుల జాబితాలను పత్రాలు మదింపు చేసే సంస్థకు పంపి, సమానమని రాయించుకుంటే చాలు. ఏ సంస్థ మదింపు చెల్లుతుందో ముందు ఆ కాలేజీనే అడగమనండి. పదో తరగతితో ఆగినవారికే ఈ దారి. తొందరపడి రుసుము కట్టనివ్వకండి.

టొరంటో చలి:

మీరంతా జీఈడీ ఒక్కటే లోకమన్నట్టు మాట్లాడుతున్నారు. కెనడాలో 2024లో జీఈడీకి స్వస్తి చెప్పారు. దాని స్థానంలో ఇక్కడి పాఠ్యాంశాల ఆధారంగా రూపొందిన సీఏఈసీ అనే పరీక్ష వచ్చింది. చదవడం, రాయడం వేర్వేరు భాగాలు, మొత్తం ఐదు. కాగితం మీద రాసే వీలూ ఉంది, కంప్యూటరు మీద రాసే వీలూ ఉంది. 

లెక్కల మాస్టారు:

అమెరికాలోనూ వేరే దారులు లేకపోలేదు. 2014లోనే ఈటీఎస్ సంస్థ హైసెట్ అనే పరీక్షను, మెక్‌గ్రా హిల్ వారి విభాగం టాస్క్ అనే పరీక్షను పోటీకి దించాయి. రెండింటిలోనూ కాగితం మీద రాసే వీలుండేది. న్యూయార్క్ జీఈడీని వదిలి టాస్క్‌కు మారింది, మసాచుసెట్స్, అయోవా లాంటివి హైసెట్ పట్టుకున్నాయి. ఎంచుకునే స్వేచ్ఛ ఉండగా ఇంత గోల ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

సాయంకాలం బడి:

చాలాచోట్ల ఎంచుకున్నది రాష్ట్రాలు, మాస్టారూ, రాసేవాళ్ళు కాదు. ఆ ఎంపిక ఎన్నాళ్ళు నిలిచిందో కూడా చెప్పండి. 2021 చివరికి టాస్క్ మూతపడింది, 2022లో న్యూయార్క్ మళ్ళీ జీఈడీకే వచ్చింది. ఎనిమిదేళ్ళలో అక్కడి పెద్దవాళ్ళకు రెండుసార్లు పరీక్ష మారింది. మారిన ప్రతిసారీ పుస్తకాలు మార్చాలి, పంతుళ్ళు మళ్ళీ నేర్చుకోవాలి. న్యూయార్క్‌లో పరీక్ష రాయడానికి రుసుము లేకపోవడం ఒక్కటే ఊరట. 2020లో మహమ్మారి వల్ల ఇంటి నుంచే రాసే ఏర్పాటు వచ్చింది గానీ, దానికి ముందు నమూనా పరీక్ష రుసుము కట్టి రాసి, అందులో పాసయ్యే స్థాయి చూపించాలి. పైగా తలుపు వేసుకోగల గది, కెమెరా, తెగని ఇంటర్నెట్టు కావాలి. నా తరగతిలో ఒక ఇంట్లో ఆరుగురు ఉండేవాళ్ళున్నారు. తలుపు వేసుకునే గది అంటే నవ్వుతారు.

మీరే ఎత్తిన ఓపెన్ స్కూలు సంగతి మీకే గుర్తుచేస్తాను. మన జాతీయ ఓపెన్ స్కూలు ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి పేరు నమోదైతే ఐదేళ్ళు చెల్లుతుంది, ఆ ఐదేళ్ళలో తొమ్మిదిసార్లు పరీక్షకు కూర్చోవచ్చు. నెగ్గిన సబ్జెక్టు నెగ్గినట్టే నిలుస్తుంది. వేరే బోర్డులో పాసైన సబ్జెక్టులు రెండింటిదాకా తెచ్చి కలుపుకోవచ్చు కూడా. కాపీయింగ్ కథలు పక్కన పెడితే, పెద్దవాళ్ళ బతుకు ఎలా నడుస్తుందో తెలిసి చేసిన ఏర్పాటు ఇది. ఒక ఏడాది కాన్పు, ఒక ఏడాది షిఫ్టు మార్పు, ఒక ఏడాది తండ్రి జబ్బు. నెగ్గిన ముక్కను దాచుకోనిచ్చే పరీక్ష ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. జీఈడీలో తర్వాతి మార్పు ఎప్పుడు వచ్చినా, ఇప్పుడు నెగ్గిన భాగాలు కొత్తదానిలోకి చేరాలన్నది నా మొదటి కోరిక.

లెక్కల మాస్టారు:

ఆ ఒక్క కోరిక మీద మీతోపాటు సంతకం పెడతాను. 2013లో నాలుగు భాగాలు నెగ్గినవాడి మార్కులు ఒక్క రాత్రిలో ఎందుకు చెల్లకుండా పోవాలో ఎంత ఆలోచించినా నాకు సమర్థన దొరకలేదు; పరీక్ష కఠినత్వంతో దానికి సంబంధమే లేదు, నేనే రెంటినీ కలిపి చూశాను. అయితే 165, 175 గీతలు ఉండాలి, వాటిని చూసి కాలేజీలు క్రెడిట్లు ఇవ్వాలి. ఆ టైపు చేసే వ్యాసాన్ని మాత్రం తీసేయమంటే ఒప్పుకోను. సాంఘికశాస్త్రంలో ఉన్నదాన్ని 2016లో ఎలాగూ తీసేశారు, మిగిలినది భాషలోని ఒక్కటే.

ఓవర్‌టైమ్:

వ్యాసం ఉండనివ్వండి, మాస్టారూ. అది రాయడం వచ్చిన తర్వాతే నాకు బిల్లింగు బల్ల దగ్గర పని దొరికింది. 45 నిమిషాలను గంట చేయించండి చాలు. ఆ పదిహేను నిమిషాలు తెలివికి కాదు, వేళ్ళకు.