పాత ఆర్710 సర్వర్: కొత్త లైనక్స్ ఇన్‌స్టాలర్‌కి డిస్కులు కనబడటం లేదు

ప్రశ్న

డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్710. రెండు జియాన్ ఎక్స్5650లు, 48 జీబీ ర్యామ్, పెర్క్ 6/ఐ కార్డు (డిస్కులను నడిపే కంట్రోలర్) మీద 1 టీబీ డిస్కులు ఆరు, రెయిడ్ 5లో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా అన్నిటినీ కలిపే పద్ధతి). ఇప్పుడు నడుస్తున్నది సెంటాస్ 7 లైనక్స్. దానికి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి మార్చక తప్పదు. రెడ్‌హ్యాట్ 9 కుటుంబపు ఐఎస్ఓతో (ఇన్‌స్టాల్ ఫైల్) బూట్ చేస్తే ఇన్‌స్టాలర్ వస్తోంది గానీ, డిస్కులు ఎంచుకునే చోట పెన్‌డ్రైవ్ తప్ప ఏమీ లేదు. సెంటాస్‌లో అవే డిస్కులు చక్కగా పనిచేస్తున్నాయి. కార్డు పోయిందా? ఫైల్ షేరింగ్, రెండు చిన్న వర్చువల్ మెషీన్లు నడిస్తే చాలు. ఏ ఓఎస్ వేయమంటారు?

జవాబు 1

కార్డు బాగానే ఉందండి. పెర్క్ 6/ఐలో ఉన్నది ఎల్ఎస్ఐ 1078 చిప్, పీసీఐ ఐడీ (కార్డుని గుర్తుపట్టే నంబరు) 1000:0060. దాన్ని నడిపే మెగారెయిడ్ శాస్ డ్రైవర్ రెడ్‌హ్యాట్ 9లోనూ ఉంది. కానీ అది గుర్తుపట్టే ఐడీల జాబితాలోంచి ఈ నంబరును వెర్షన్ 8లోనే తీసేశారు. డ్రైవర్ ఉన్నా కార్డు జోలికి పోదు, ఎర్రర్ కూడా రాదు. ఖాయం చేసుకోవాలంటే ఇన్‌స్టాలర్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి షెల్‌కి వెళ్లి, కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ని ఎన్ఎన్‌కే ఆప్షన్‌తో నడపండి. కార్డు లైను కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని లేకపోతే ఇదే కారణం.

ఆ కుటుంబంలోనే ఉండాలంటే ముందు ఆల్మా లైనక్స్ 9.4 లేదా ఆ తర్వాతి ఐఎస్ఓ బూట్ చేసి చూడండి. ఇలా తీసేసిన పాత స్టోరేజ్ కార్డుల్లో చాలావాటిని వాళ్లు తిరిగి చేర్చారు. రెండో దారి, ఈ కుటుంబానికి అదనపు డ్రైవర్లు ఇచ్చే ఈఎల్‌రెపో వాళ్ల డ్రైవర్ డిస్క్ ఇమేజ్. దాన్ని ఇంకో పెన్‌డ్రైవ్‌లో రాసి, బూట్ మెనూలో "ఇన్‌స్ట్ డాట్ డీడీ" ఆప్షన్ ఇవ్వాలి.

ఈ రెండో దారి అంటే నాకు భయం. ఇన్‌స్టాల్ ఒక్కసారితో అయిపోతుంది, డ్రైవర్ బాధ్యత మాత్రం ఎప్పటికీ ఉంటుంది. 9.4 నుంచి 9.5 లాంటి మార్పుల్లో కెర్నల్ (ఓఎస్ మూలభాగం) మారినప్పుడు బయటి మాడ్యూల్, అంటే ఆ డ్రైవర్, దానికి సరిపడకపోవచ్చు. అప్పుడు రీబూట్ చేస్తే రూట్ డిస్కే (ఓఎస్ ఉన్న డిస్కు) దొరక్క, బూట్ మొదటి దశలోని డ్రాకట్ ఎమర్జెన్సీ షెల్‌లో ఆగిపోతుంది. మాడ్యూల్ కొత్త వెర్షన్ వచ్చేదాకా అప్‌డేట్లు చేసే డీఎన్ఎఫ్‌లో కెర్నల్‌ని ఎక్స్‌క్లూడ్ చేసి ఉంచండి, పనిచేస్తున్న పాత కెర్నల్‌ని చెరపకండి.

జవాబు 2

పై జవాబుకి ప్రాసెసర్ సంగతి కలుపుతాను. రెడ్‌హ్యాట్ 9కి ప్రాసెసర్‌లో ఎక్స్86-64-వీ2 స్థాయి కావాలి, అంటే ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ లాంటి ఆదేశాలు తెలిసుండాలి. ఎక్స్5650 వెస్ట్‌మియర్ తరం కాబట్టి గట్టెక్కింది. రెడ్‌హ్యాట్ 10కి ఆ పై స్థాయి వీ3 కావాలి. అందులో ఏవీఎక్స్2 ఉంది, అది ఇంటెల్‌లో హాస్‌వెల్‌తో మొదలైంది. కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. ఆల్మా 10కి వీ2 బిల్డ్ విడిగా దొరుకుతుంది, కానీ బయటివాళ్లు ఇచ్చే ప్యాకేజీలు వీ3కే కట్టి ఉంటే అందులో నడవవు.

మీ అవసరానికి ఇంకో లైనక్స్ అయిన డెబియన్ 13 వేయండి. డెబియన్‌లో 64 బిట్ ప్యాకేజీలు ఇప్పటికీ మొదటి స్థాయి ప్రాసెసర్లకే కడతారు, కెర్నల్ 6.12లో 1078 ఐడీ అలాగే ఉంది. నాలుగు నెట్‌వర్క్ పోర్టులూ బ్రాడ్‌కామ్ 5709, వాటికి బీఎన్ఎక్స్2 ఫర్మ్‌వేర్ (పోర్టులోకి ఎక్కించే ఫైలు) కావాలి. డెబియన్ 12 నుంచి మామూలు ఇన్‌స్టాలర్‌లోనే అది వస్తుంది.

బూట్ అయ్యాక ఇంటరప్ట్ రీమ్యాపింగ్ ఆపేస్తున్నట్టు హెచ్చరిక కనబడితే కంగారుపడకండి. ఈ సర్వర్‌లోని ఇంటెల్ 5520 చిప్‌సెట్‌లో తెలిసిన లోపం ఉంది, కెర్నల్ కావాలనే దాన్ని ఆపుతుంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. ఎల్ఎస్‌పీసీఐలో డ్రైవర్ లైను లేదు. డెబియన్ 13కే వెళ్తాను. పాత డేటా పార్టిషన్ అలాగే ఉంచి వేయొచ్చా?

జవాబు 1

వేయొచ్చు, కానీ బయటికి ఇంకో కాపీ తీయకుండా మొదలుపెట్టకండి. ముందు సెంటాస్‌లోనే, డిస్కుల ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌కి మెగారెయిడ్ డివైస్ టైపు, డిస్కు నంబరు ఇచ్చి ఆరింటినీ విడివిడిగా పరీక్షించండి. రెయిడ్ 5లో ఒక డిస్కు ఇప్పటికే నలిగి ఉంటే, పని మధ్యలో ఇంకోటి పోతే మొత్తం పోతుంది.

ఇన్‌స్టాలర్‌లో మాన్యువల్ పార్టిషనింగ్ ఎంచుకుని రూట్, బూట్‌లను మాత్రమే ఫార్మాట్ చేయండి. మీ వర్చువల్ డిస్కు దాదాపు 5 టీబీ కాబట్టి జీపీటీ (పెద్ద డిస్కులకు వాడే పార్టిషన్ పట్టిక) ఉంటుంది. బయోస్ మోడ్‌లో బూట్ చేస్తుంటే, ఓఎస్‌ని లేపే గ్రబ్ కోసం 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ ఉండాలి, దాన్ని పొరపాటున కూడా తీసేయకండి. బూట్ పార్టిషన్ డిస్కు మొదట్లోనే ఉంచండి. 2 టీబీ హద్దు దాటిన చోటుని పాత బయోస్ చదవలేకపోవచ్చు.

జవాబు 3

మూత తీసినప్పుడు రెండు బ్యాటరీలు చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి వెళ్తుంది. అప్పుడు డెబియన్‌లో ప్యాకేజీలు తెచ్చే ఏపీటీ, రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదని మొరాయిస్తుంది, చాలామంది నెట్‌వర్క్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. పెర్క్ కార్డు బ్యాటరీ అయిపోతే కార్డు రైట్-త్రూకి (క్యాష్‌లో ఆపకుండా నేరుగా డిస్కుకి రాయడం) మారిపోతుంది, రెయిడ్ 5లో రాత బాగా నెమ్మదిస్తుంది. బూట్ సమయంలో కంట్రోల్, ఆర్ నొక్కితే దాని స్థితి తెలుస్తుంది. బ్యాటరీ మార్చకుండా రైట్-బ్యాక్‌ని (ముందు క్యాష్‌లో రాసి తర్వాత డిస్కుకి పంపడం) బలవంతంగా ఆన్ చేయకండి, కరెంటు పోతే క్యాష్‌లో ఉన్న డేటా పోతుంది.

ఇంకొకటి, సెంటాస్‌లో ఈఎం1 అని ఉన్న పోర్టు డెబియన్‌లో ఈఎన్ఓ1 అవుతుంది. పాత నెట్‌వర్క్ ఫైళ్లు కాపీ చేసేస్తే సర్వర్ లేస్తుంది గానీ నెట్‌వర్క్‌లోకి రాదు. సర్వర్‌ని దూరం నుంచి నడిపే ఐడ్రాక్ 6 కన్సోల్‌కి పాత జావా కావాలి కాబట్టి మొదటి బూట్‌కి మానిటర్, కీబోర్డు దగ్గరే పెట్టుకోండి. తెర నల్లగా ఉండిపోతే గ్రబ్‌లో ఈ నొక్కి, లైనక్స్ లైను చివర "నోమోడ్‌సెట్" చేర్చండి.