అద్దె షాపులో షార్ట్ సర్క్యూట్ అయితే రిపేరు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

బందరురోడ్డు: విజయవాడలో అద్దె షట్టర్‌లో మొబైల్ షాపు నాది. పోయిన నెల రాత్రి షాపు కట్టేశాక మీటర్ బోర్డు దగ్గర షార్ట్ సర్క్యూట్ అయి సీలింగ్, ఒక గోడ కాలిపోయాయి. వైరింగ్ ఓనర్ గారు వేయించిందే. అయినా ఖర్చంతా నా అడ్వాన్స్‌లోంచి పట్టుకుంటానంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, ఇలా ఎవరికైనా జరిగిందా?

కరీంనగర్_మడిగె: మా బావ టైలరింగ్ మడిగెలో పనివాడు ఇస్త్రీ పెట్టె ఆపకుండా వెళ్లిపోతే ఓనర్ పెట్టించిన తలుపు కాలింది. అది బావే కట్టాడు, పనివాడు చేసినా బాధ్యత మనదే కదా. మీది వేరే అన్నా, వైరింగే ఆయనది. గోడకు సున్నం కొట్టించేలోపే ఫొటోలు తీసి పెట్టుకోండి, ఫైర్ వాళ్లు వచ్చి ఉంటే రిపోర్టు తీసుకోండి.

పాత_వకీలు: 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం షాపు ఎలా తీసుకున్నామో అలాగే తిరిగి అప్పగించాలి, మామూలు అరుగుదలకు, ఎవరూ ఆపలేని విపత్తుకు మినహాయింపు ఉంది. మీ తప్పు వల్లో మీ పనివాళ్ల తప్పు వల్లో పాడైతే మాత్రం, ఓనర్ నోటీసు ఇచ్చాక 3 నెలల్లో బాగు చేయించాలి. కాకపోతే ఒప్పందంలో వేరే మాట లేకపోతేనే ఈ సెక్షన్ వర్తిస్తుంది, అందుకే ముందు మీ అగ్రిమెంట్‌లో డ్యామేజీ గురించి ఏం రాశారో చూడండి. "నిర్లక్ష్యం వల్ల జరిగితే" అని ఉండటం వేరు, "ఏ కారణం వల్లనైనా" అని ఉండటం వేరు.

బందరురోడ్డు: "ఏ డ్యామేజీ అయినా అద్దెదారుదే" అని ఉందండీ. రిపేరు అయ్యేదాకా అద్దె కూడా కట్టాలా?

పాత_వకీలు: ఆ లైను ఓనర్‌కే బలం. అయినా ఆయన వైరింగ్ లోపమని ఎలక్ట్రీషియన్ చేత రాయించుకుని, అడ్వాన్స్ పట్టుకోవడానికి ఒప్పుకోనని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, నోటిమాటగా వదలొద్దు. అద్దె సంగతికొస్తే, షాపు శాశ్వతంగా పనికిరాకుండా పోతేనే లీజు రద్దు చేసుకునే హక్కు మీకు వస్తుంది, అదీ మీ తప్పు లేకపోతేనే. కొన్నాళ్లు మూతపడితే అద్దె దానంతట అది ఆగదు, తగ్గింపు మాట్లాడుకుని కాగితం మీద పెట్టించుకోవాలి.

తెనాలి_కిరాణా: ఒకటి మర్చిపోతున్నారు. స్టాక్‌కు మాత్రమే తీసుకున్న ఇన్సూరెన్స్ ఓనర్ గోడలకు రాదు. ఓనర్ తన బిల్డింగ్‌కు పాలసీ తీసుకుని ఉన్నా, కంపెనీ ఆయనకు డబ్బిచ్చాక తప్పు మనదని తేలితే మన దగ్గర వసూలుకు రావచ్చు. ఆయనకు పాలసీ ఉందా లేదా అన్నది ఈ రోజే అడగండి.