చంద్రశేఖర్ అమెరికాలోనే ఉండిపోవడానికి 1935 నాటి అవమానమే కారణమా?

ప్రశ్న: కోఠి అధ్యాపకుడు

నమస్కారం. మా డిగ్రీ కళాశాలలో జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారి గురించి ప్రసంగించవలసి ఉంది. ఆయన కథను సాధారణంగా ఇలా చెబుతారు: 1930లో పందొమ్మిదేళ్ల కుర్రవాడు ఓడలో ఇంగ్లండు వెళుతూ, శ్వేత కుబ్జ తారల (ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన నక్షత్రాల) ద్రవ్యరాశికి ఒక హద్దు ఉందని లెక్కగట్టాడు, 1935 జనవరిలో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభలో ప్రసిద్ధ ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడింగ్టన్ ఆ ఫలితాన్ని అందరి ముందూ ఎగతాళి చేశాడు, మనసు విరిగిన యువకుడు అమెరికా వెళ్లిపోయాడు, 1983లో నోబెల్ వచ్చింది. మా విద్యార్థుల్లో జీఆర్ఈకి చదివేవారు, వీసా కోసం చిలుకూరు బాలాజీకి మొక్కుకునేవారు చాలామంది కనుక, ఆయన ఎందుకు వెళ్లారు, ఎందుకు తిరిగి రాలేదు అని తప్పక అడుగుతారు. అవమానం అన్న ఒక్క మాటతో సరిపెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, తార్నాక

మాస్టారూ, మీ సందేహం సబబైనదే. ఎడింగ్టన్ మాటలు ఆయన్ను బాధించిన మాట నిజమే కానీ, మర్నాడే మూటాముల్లె సర్దుకుని బయలుదేరలేదు. వారిద్దరి స్నేహమూ తెగిపోలేదు. అసలు చిక్కు ఉద్యోగానిది. 1933లో వచ్చిన కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాల ఫెలోషిప్ 1937తో ముగుస్తుంది, ఇంగ్లండులో శాశ్వత పదవి దొరికే సూచనలు లేవు. మన దేశంలో చూద్దామంటే, కొడైకెనాల్ పరిశీలనాలయం అప్పట్లో వాతావరణ శాఖ కింద ఉండేది. నక్షత్రాల లోపలి నిర్మాణాన్ని కాగితం మీద లెక్కించే మనిషికి అక్కడ ఏం పని?

ఆ సమయంలో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యెర్కీస్ పరిశీలనాలయం నుంచి ఒట్టో స్ట్రూవె పిలిచారు. ఈ స్ట్రూవె గురించి మీ విద్యార్థులకు తప్పక చెప్పండి. ఆయన స్వయంగా రష్యా అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన పోరాడి, దేశం విడిచి అమెరికా చేరినవాడు. డచ్చివాడైన కైపర్‌నూ, డెన్మార్క్ నుంచి స్ట్రోమ్‌గ్రెన్‌నూ, మన చంద్రశేఖర్‌నూ ఇంచుమించు ఒకే కాలంలో చేర్చుకున్నాడు. అందరూ పరాయివారే అయిన చోట ఒకడు ప్రత్యేకంగా పరాయివాడు కాడు. 1936 సెప్టెంబరులో లలిత గారిని పెళ్లాడి, 1937 ఆరంభంలో విస్కాన్సిన్‌లోని విలియమ్స్ బే అనే చిన్న ఊళ్లో కాపురం పెట్టిన చంద్రశేఖర్, 1964లో చికాగో నగరానికి మారేదాకా అక్కడే ఉన్నారు.

జవాబు: బేగంపేట పాఠకుడు

ఆచార్యుల వారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, చికాగోను మరీ నెత్తికెత్తుకోవద్దని మనవి. ఆయన చేరిన కొత్తలో ప్రధాన ప్రాంగణంలో పాఠం చెప్పించాలని స్ట్రూవె ప్రతిపాదిస్తే, ఒంటి రంగు కారణంగా ఒక డీన్ అడ్డుపడ్డాడు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు హచిన్స్ పట్టుబట్టబట్టి ఆ పాఠాలు సాగాయి. 1946లో చట్టం మారేదాకా భారతీయులకు అక్కడి పౌరసత్వం దక్కే వీలే లేదు. ఆయన 1953లో పౌరసత్వం తీసుకున్నప్పుడు మద్రాసులోని తండ్రిగారు చాలా నొచ్చుకున్నారు. ఇద్దరు విద్యార్థుల తరగతి కోసం మంచులో కారు నడుపుకుంటూ వెళ్లారనీ, ఆ ఇద్దరూ (లీ, యాంగ్) 1957లో నోబెల్ అందుకున్నారనీ చెప్పే కథ అందరికీ తెలిసిందే కనుక వదిలేస్తున్నాను.

తిరిగి వచ్చినవారి సంగతీ చెప్పండి, అది మన ఊరి కథే. బేగంపేటలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం ఆవరణలో పాతబడిన గుమ్మటం ఉన్న నిజామియా పరిశీలనాలయంలో ఖగోళ శాస్త్రజ్ఞుడు వైణు బప్పు తండ్రిగారు పనిచేసేవారు. హైదరాబాద్ ప్రభుత్వ విద్యార్థివేతనంతో హార్వర్డ్ వెళ్లిన బప్పు, 1949లోనే బాక్, న్యూకర్క్‌లతో కలిసి ఒక తోకచుక్కను కనిపెట్టి, 1952లో డాక్టరేట్ పొంది, మరుసటి ఏడు దేశానికి వచ్చేశారు. 1960లో అదే కొడైకెనాల్ పగ్గాలు చేపట్టి, తమిళనాడులోని కావలూరులో కొత్త పరిశీలనాలయాన్ని నిర్మించారు. ఒకరు సిద్ధాంతాలు రాశారు, మరొకరు సంస్థలు కట్టారు. అయితే సంస్థలు కట్టే పనిలో బప్పు తన సొంత పరిశోధనకు ఎంత నష్టపోయారో ఎవరూ లెక్క వేయరు.

కోఠి అధ్యాపకుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బప్పు గారి సంగతి నాకు తట్టనే లేదు. మరొక చిన్న ప్రశ్న: చంద్రశేఖర్ పుస్తకాలలో బీఎస్సీ విద్యార్థికి అందేది ఏదైనా ఉన్నదా?

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, తార్నాక

ఆయన ఒక రంగంలోకి దిగి, కొన్నేళ్లు అందులోనే మునిగి, సమగ్రమైన గ్రంథం రాసి, ఆ తలుపు మూసి ఇంకో రంగానికి వెళ్లేవారు: 1939లో నక్షత్ర నిర్మాణం, 1950లో వికిరణ ప్రసారం, 1961లో ప్రవాహ స్థిరత్వం, 1983లో కృష్ణబిలాలు. 1952 నుంచి 1971 దాకా ఆస్ట్రోఫిజికల్ జర్నల్ సంపాదకత్వం మోస్తూనే ఇదంతా చేశారు. వీటిలో మొదటిదాన్నే చేతికివ్వండి. మొదటి అధ్యాయం ఉష్ణగతిక శాస్త్ర నియమాలతోనే మొదలవుతుంది. మీ రెండో సంవత్సరం పాఠం బాగా వంటబట్టినవారు నింపాదిగా చదువుకోవచ్చు. సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్ల హద్దు ఎలా వస్తుందో పదకొండో అధ్యాయంలో ఉంది, కానీ దానికి ముందు నాలుగో అధ్యాయంలోని పాలీట్రోపులు (పీడనం సాంద్రత ఘాతాన్ని బట్టి మారే వాయు గోళాల నమూనాలు) దాటాలి.