క్రాస్ కంపైలర్ సొంతంగా కట్టుకున్నా, లింక్ దగ్గర ఆగిపోయింది: హెచ్‌ఐ20 ఎర్రర్, అదీ నేను రాయని ఫైలులో

ఖాళీస్టాక్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కాస్త పొడవైన పోస్టు, ఓపిక చేసుకోండి.

మూడేళ్లుగా సొంతంగా ఒక చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె లాంటి భాగం) రాసుకుంటున్నాను. ఎక్స్86-64 మీద నడుస్తుంది. పేజింగ్ ఉంది, ప్రాసెస్‌లు ఉన్నాయి, నేను షెల్ అని పిలుచుకునేది ఒకటుంది. ఫైల్ సిస్టమ్‌కి చదవడం వచ్చు, రాయడం రాదు. దీన్ని ఇప్పుడు 64 బిట్ల రిస్క్-ఫైవ్ (ఎక్స్86 కాని వేరే ప్రాసెసర్ రకం) బోర్డు మీదికి తేవాలని మొదలుపెట్టాను. బోర్డు చేతికొచ్చి నెలైంది. నా కోడ్‌లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా దాని మీద ఇంకా నడవలేదు. నెలంతా టూల్‌చెయిన్‌కే (కంపైలర్, అసెంబ్లర్, లింకర్ల సెట్టు) సరిపోయింది.

డిస్ట్రోలో దొరికే క్రాస్ కంపైలర్ (ఒక రకం మెషీన్ మీద నడుస్తూ ఇంకో రకం మెషీన్‌కి కోడ్ తయారుచేసేది) లైనక్స్ ప్రోగ్రాముల కోసం కట్టినది. నాది లైనక్స్ కాదు కదా అని ముందు బిన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్), తరువాత జీసీసీ (కంపైలర్) నేనే కట్టాను. టార్గెట్ రిస్క్‌ఫైవ్64-అన్‌నోన్-ఈఎల్ఎఫ్. సీ భాష ఒక్కటే, హెడర్లు లేకుండా, మల్టీలిబ్ (రకరకాల సెట్టింగులకు వేర్వేరు లైబ్రరీ కాపీలు) ఆపేసి. ముందు ఆల్-జీసీసీ, దాని తరువాత ఆల్-టార్గెట్-లిబ్‌జీసీసీ (కంపైలర్ అవసరమైనప్పుడు తానే పిలుచుకునే చిన్న ఫంక్షన్ల లైబ్రరీ).

మొదటి దెబ్బ లిబ్‌జీసీసీ దగ్గరే తగిలింది. 'ఆబ్జెక్ట్ ఫైళ్ల సఫిక్స్ ఏమిటో లెక్కగట్టలేకపోతున్నాను' అని కాన్ఫిగర్ ఆగిపోయింది. సఫిక్స్ ఏముంది, చుక్క ఓ, అది కూడా తెలియకపోతే ఎలా అని రెండు రాత్రులు కాన్ఫిగర్ స్క్రిప్టుతో కుస్తీ పట్టాను. అసలు సంగతి బిల్డ్ డైరెక్టరీలో టార్గెట్ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల, లిబ్‌జీసీసీ కాన్ఫిగ్ లాగ్ చివర్లో ఉంది. అప్పుడే పుట్టిన కంపైలర్ నడవడానికి ఎంపీఎఫ్‌ఆర్ లైబ్రరీ కావాలి. దాన్ని నేను ఎక్కడో మూల డైరెక్టరీలో పెట్టాను. కంపైలర్‌కి అది దొరక్క మొదలవగానే చచ్చిపోతోంది. చచ్చిపోయిన కంపైలర్ ఆబ్జెక్ట్ ఫైలు ఇవ్వదు కాబట్టి సఫిక్స్ తెలియలేదట! జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ మూడింటి సోర్సునూ జీసీసీ చెట్టులోకే దింపేసి (దానికి కాంట్రిబ్ ఫోల్డర్‌లో స్క్రిప్ట్ ఉంది) మళ్లీ కడితే దాటింది.

ఇప్పుడు రెండోది. బోర్డులో ర్యామ్ హెక్స్ 80000000 దగ్గర మొదలవుతుంది. ముందు ఓపెన్‌ఎస్‌బీఐ (బోర్డు ఫర్మ్‌వేర్) కూర్చుంటుంది, నా కెర్నల్ 80200000 దగ్గర. లింక్ చేయగానే ప్రతి ఫైలుకీ 'రీలొకేషన్ ట్రంకేటెడ్ టు ఫిట్: ఆర్_రిస్క్‌ఫైవ్_హెచ్‌ఐ20' అని, అంటే అడ్రస్ దానికిచ్చిన బిట్లలో పట్టడం లేదని, వరదలా వచ్చింది. కోడ్ మోడల్ (కంపైలర్ అడ్రస్‌లను ఎలా తయారుచేయాలో చెప్పే సెట్టింగ్) మెడ్‌ఎనీ పెట్టమని ఎక్కడో చదివి మేక్‌ఫైలులో పెట్టాను. అన్నీ పోయాయి, ఒక్కటి తప్ప:

లిబ్‌జీసీసీలోని _సీఎల్‌జెడ్‌డీఐ2 ఆబ్జెక్టు, __సీఎల్‌జెడ్‌డీఐ2 ఫంక్షన్, __సీఎల్‌జెడ్_ట్యాబ్ సింబల్ మీద అదే హెచ్‌ఐ20 ఎర్రర్.

ఆ పేర్లు నా కోడ్‌లో ఎక్కడా లేవు. గ్రెప్ చేసి చూశాను. లిబ్‌జీసీసీని లింక్ నుంచి తీసేస్తే అదే ఫంక్షన్ 'నిర్వచనం లేదు' అంటోంది. ఇది ఎక్కడి నుంచి ఊడిపడింది? నిజం చెప్పాలంటే మెడ్‌ఎనీ మిగతా వాటికి ఎందుకు పనిచేసిందో కూడా నాకు తెలియదు.

డబుల్‌పాయింటర్

జీసీసీ వదిలేయండి బ్రదర్. క్లాంగ్ (ఇంకో సీ కంపైలర్) ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే అన్ని టార్గెట్లకీ అదే బైనరీ. కమాండ్ లైన్‌లో టార్గెట్ పేరు మారిస్తే చాలు. కంపైలర్ కట్టడానికి నెల పెట్టడమేంటి!

పాతలింకర్

ఖాళీస్టాక్ గారూ, మీ మెమరీ అలకేటర్‌లో బిట్‌మ్యాప్ ఉందా? అందులో పై నుంచి మొదటి 1 ఎక్కడుందో వెతకడానికి __బిల్టిన్_సీఎల్‌జెడ్‌ఎల్‌ఎల్ వాడారా? వాడే ఉంటారు. గ్రెప్‌లో దొరకలేదంటే మీరు డీఐ2 పేరుతో వెతికారు కాబట్టి.

ఎక్స్86లో ఆ పనికి ఇన్‌స్ట్రక్షనే ఉంది. కంపైలర్ దాన్ని అక్కడికక్కడే పెట్టేస్తుంది, మీకు చప్పుడు కూడా వినిపించదు. రిస్క్-ఫైవ్ మూల ఇన్‌స్ట్రక్షన్ సెట్‌లో అది లేదు, జెడ్‌బీబీ అనే ఎక్స్‌టెన్షన్ ఉంటేనే వస్తుంది. అందుకని కంపైలర్ లిబ్‌జీసీసీలో ఉన్న ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఆ ఫంక్షన్ 256 బైట్ల టేబుల్ ఒకటి చూసుకుని జవాబు చెబుతుంది. ఆ టేబులే మీ ఎర్రర్‌లో కనిపిస్తున్న __సీఎల్‌జెడ్_ట్యాబ్.

ఇక హెచ్‌ఐ20. డిఫాల్ట్ కోడ్ మోడల్ మెడ్‌లో. అందులో ఒక అడ్రస్ కావాలంటే రెండు ఇన్‌స్ట్రక్షన్లు. ఎల్‌యూఐ పై 20 బిట్లను ఇస్తుంది, యాడ్‌ఐ కింది 12 బిట్లను కలుపుతుంది. 32 బిట్ల మెషీన్‌లో దీనితో ఎక్కడికైనా పోవచ్చు. 64 బిట్లలో ఎల్‌యూఐ తన ఫలితంలో 31వ బిట్‌ని పైనున్న 32 బిట్లలోకీ పరిచేస్తుంది. హెక్స్ 80000 అని ఎల్‌యూఐకి ఇచ్చి చూడండి. ఆ బిట్ 1 కాబట్టి పై సగమంతా ఎఫ్‌లతో నిండిపోతుంది. మీరు అడిగింది 2 జీబీ దగ్గరి అడ్రస్, వచ్చేది మెమరీ మ్యాప్ ఆ కొసన ఎక్కడో. సున్నాకి అటూ ఇటూ 2 జీబీ, అంతే దాని చెయ్యి. మీ ర్యామ్ సరిగ్గా ఆ గీత దాటగానే మొదలైంది. తప్పుడు అడ్రస్ రాయడం కన్నా ఆగిపోవడం నయమని లింకర్ ఆగిపోయింది.

మెడ్‌ఎనీలో ఎల్‌యూఐ బదులు ఏయూఐపీసీ వస్తుంది. అది సున్నా నుంచి కొలవదు, తాను నిలబడ్డ చోటు నుంచి కొలుస్తుంది. కెర్నల్ కోడూ, దాని డేటా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి 2 జీబీ చాలా ఎక్కువ.

కానీ మీ మేక్‌ఫైలు ఫ్లాగ్ మీ మేక్‌ఫైలు కంపైల్ చేసే ఫైళ్లకే చేరుతుంది. లిబ్‌జీసీసీ కంపైల్ అయింది మీరు జీసీసీ కట్టిన రోజున, మెడ్‌లోతో. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మీ పని. ఆ లైబ్రరీ కంపైలర్‌తో వచ్చినా, లింక్ అయ్యాక అది మీ కెర్నల్‌లో భాగమే. మీ కోడ్‌కి ఏ నియమాలు పెట్టారో దానికీ అవే పెట్టాలి. ఎక్స్86-64లో రెడ్ జోన్ ఆపి లిబ్‌జీసీసీ కట్టారా మీరు? స్టాక్ పాయింటర్ కింద 128 బైట్లు ఎవరూ ముట్టరని కంపైలర్ నమ్ముతుంది, కెర్నల్‌లో ఇంటరప్ట్ వచ్చి వాటినే తొక్కేస్తుంది. అక్కడ జరగాల్సిన కథే ఇక్కడా. కాకపోతే అక్కడ ఎర్రర్ రాదు, ఎప్పుడో అర్ధరాత్రి వేరియబుల్ విలువ మారిపోతుంది. మీకిక్కడ లింకరే చెప్పింది, అదృష్టం అనుకోండి.

చేయాల్సింది: ఖాళీ బిల్డ్ డైరెక్టరీలో జీసీసీ మళ్లీ కట్టండి. మేక్‌కి సీఫ్లాగ్స్_ఫర్_టార్గెట్ ఇచ్చి అందులో మెడ్‌ఎనీ పెట్టండి. ఓ2 కూడా మీరే రాయాలి. ఈ వేరియబుల్ ఇస్తే డిఫాల్ట్ మొత్తం పోతుంది. అయ్యాక ఆబ్జ్‌డంప్‌తో ఆ _సీఎల్‌జెడ్‌డీఐ2 ఆబ్జెక్టుని రీలొకేషన్లతో సహా విప్పి చూడండి. హెచ్‌ఐ20 ఉన్న చోట పీసీరెల్_హెచ్‌ఐ20 కనిపించాలి. కనిపించకపోతే పాత లైబ్రరీనే చూస్తున్నారని అర్థం.

డబుల్‌పాయింటర్ గారూ, క్లాంగ్ మంచిదే, నేనూ వాడతాను. కానీ 128 బిట్ల భాగహారం లాంటిది రాస్తే అదీ ఒక ఫంక్షన్‌ని పిలుస్తుంది. దాని లైబ్రరీ పేరు కంపైలర్-ఆర్‌టీ. దాన్ని టార్గెట్ కోసం సరైన ఫ్లాగులతో ఎవరు కడతారు? మళ్లీ మనమే.

డబుల్‌పాయింటర్

ఆ సంగతి గుర్తు రాలేదు. కంపైలర్‌ని కట్టే బాధ అయితే తప్పుతుంది కదా, అక్కడ మాత్రం నేను తగ్గను.

ట్రాప్‌ఫ్రేమ్

ఎలాగూ జీసీసీ మళ్లీ కడుతున్నారు కాబట్టి ఇంకో మాట. ఆర్కిటెక్చర్, ఏబీఐ (ఫంక్షన్లు విలువలను ఏ రిజిస్టర్లలో ఇచ్చిపుచ్చుకోవాలనే ఒప్పందం) మీరు ఇవ్వనట్టున్నారు. ఇవ్వకపోతే ఈ టార్గెట్‌కి డిఫాల్ట్ ఆర్‌వీ64జీసీ, ఎల్‌పీ64డీ. అంటే డబుల్ విలువలు ఫ్లోటింగ్ రిజిస్టర్లలో వెళ్తాయి. కెర్నల్‌లో ట్రాప్ (ఇంటరప్ట్ లాంటిది వచ్చి నడుస్తున్న కోడ్ మధ్యలో ఆగడం) వచ్చినప్పుడు ఆ రిజిస్టర్లను మీరు దాస్తున్నారా? చాలామంది దాచరు. ఫ్లోట్ లేకుండా ఆర్‌వీ64ఐఎంఏసీ, ఎల్‌పీ64తోనే కెర్నల్ కడతారు. మీరూ ఏదో ఒక రోజు అలా మారుస్తారు. మార్చిన రోజున లింకర్ 'సాఫ్ట్-ఫ్లోట్ మాడ్యూళ్లతో డబుల్-ఫ్లోట్ మాడ్యూళ్లను కలపలేను' అంటుంది. మల్టీలిబ్ ఆపేశారు కాబట్టి మీ దగ్గర ఉన్నది ఒకే ఒక్క లిబ్‌జీసీసీ, అదేమో డబుల్-ఫ్లోట్. కాన్ఫిగర్‌లోనే విత్-ఆర్క్, విత్-ఏబీఐ ఇచ్చేయండి.

ఇచ్చేటప్పుడు ఆర్క్ పేరు చివర జెడ్‌ఐసీఎస్‌ఆర్, జెడ్‌ఐఫెన్స్‌ఐ రెండూ తగిలించండి. 2022లో వచ్చిన బిన్‌యుటిల్స్ 2.38 నుంచి సీఎస్‌ఆర్ (ప్రాసెసర్ కంట్రోల్ రిజిస్టర్ల) ఇన్‌స్ట్రక్షన్లు ఐ అనే మూల సెట్‌లో భాగం కావు. జీలో అవి కలిసే ఉంటాయి కాబట్టి మీకింతవరకూ తెలియలేదు. ఐఎంఏసీ అని ఒట్టిగా రాస్తే మీ ట్రాప్ హ్యాండ్లర్‌లో మొదటి సీఎస్‌ఆర్‌ఆర్ దగ్గరే అసెంబ్లర్ గుర్తుపట్టనంటుంది. నిన్నటిదాకా నడిచిన కోడ్ బిన్‌యుటిల్స్ అప్‌డేట్ కాగానే ఆగిపోతే ఎవరికైనా తల ప్రాణం తోకకొస్తుంది. నాకు వచ్చింది.

ఖాళీస్టాక్

పాతలింకర్ గారూ, అలకేటరే. బడ్డీ అలకేటర్‌లో సైజుకి తగ్గ ఆర్డర్ లెక్కగట్టే ఒక మాక్రోలో సీఎల్‌జెడ్‌ఎల్‌ఎల్ ఉంది. మూడేళ్ల కిందట రాసి మరిచిపోయాను. రెడ్ జోన్ సంగతి అడక్కండి. నా కెర్నల్ కోడ్‌కి ఆపాను, లిబ్‌జీసీసీకి ఆపలేదు. అప్పుడప్పుడూ, ఎప్పుడొస్తుందో తెలియకుండా వచ్చే ఒక క్రాష్ ఉంది ఆ వెర్షన్‌లో. ఇప్పుడు అనుమానం మొదలైంది.

ఒక సందేహం. __సీఎల్‌జెడ్‌డీఐ2 నేనే పది లైన్లలో రాసేసుకుని లిబ్‌జీసీసీని పూర్తిగా వదిలేస్తే?

పాతలింకర్

రాసుకోవచ్చు, తప్పేం లేదు. రేపు ఇంకొకటి అడుగుతుంది, ఎల్లుండి మరొకటి. మీ ఇష్టం.

అయితే మెమ్‌కాపీ, మెమ్‌మూవ్, మెమ్‌సెట్, మెమ్‌కంపేర్ ఈ నాలుగూ మాత్రం మీరే రాయాలి. ఫ్రీస్టాండింగ్ (కింద సీ లైబ్రరీ లేదు) అని చెప్పినా జీసీసీ వాటిని పిలుస్తుంది, లిబ్‌జీసీసీలో అవి ఉండవు. మెమ్‌సెట్ రాసేటప్పుడు ఒక తమాషా జరుగుతుంది. మీరు రాసిన లూప్ చూసి, ఇది మెమ్‌సెట్ లాగే ఉందే అనుకుని, కంపైలర్ ఆ లూప్‌ని మెమ్‌సెట్ కాల్‌గా మార్చేస్తుంది. అది తనను తానే పిలుచుకుంటూ స్టాక్ అయిపోయేదాకా పోతుంది. ఆ ఫైలుకి నో-ట్రీ-లూప్-డిస్ట్రిబ్యూట్-ప్యాటర్న్స్ అనే ఆప్షన్ ఇవ్వండి.

సీ లైబ్రరీ జోలికి ఇప్పుడే పోకండి. పూర్తి కంపైలర్‌కి సీ లైబ్రరీ కావాలి, సీ లైబ్రరీకి కంపైలర్ కావాలి, చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే. అందుకే లైనక్స్ టూల్‌చెయిన్‌లో జీసీసీని రెండుసార్లు కడతారు. ఒకటి ఇప్పుడు మీ దగ్గరున్నట్టు ఒట్టిది, దానితో లైబ్రరీ కట్టి, మళ్లీ పూర్తిది. యూజర్ ప్రోగ్రాములు మొదలుపెట్టిన రోజున మీకూ అవసరమవుతుంది. అప్పుడు మీ ఓఎస్ పేరుని కాన్ఫిగ్.సబ్‌లోనూ, కాన్ఫిగ్.జీసీసీలోనూ చేర్చి సొంత టార్గెట్ పెట్టుకోవాలి.

ఖాళీస్టాక్

అప్‌డేట్. ఇద్దరూ చెప్పినట్టే అన్నీ ఒకేసారి పెట్టి కట్టాను. ఆబ్జ్‌డంప్‌లో పీసీరెల్_హెచ్‌ఐ20 కనిపించింది. లింక్ ఒక్క మాట అనకుండా అయిపోయింది. నెల తరువాత అంత నిశ్శబ్దంగా ప్రాంప్ట్ తిరిగొస్తే ఏదో మరిచిపోయానేమోనని టెన్షన్ పట్టుకుని ఫైలు సైజు చూసుకున్నాను.

క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో వర్ట్ మెషీన్ మీద వెంటనే బూట్ అయింది. బోర్డు మీద పెడితే ఒక్క అక్షరం రాలేదు. మళ్లీ టూల్‌చెయినేనా అని రీడ్‌ఈఎల్ఎఫ్‌తో ఫ్లాగులన్నీ చూశాను, అంతా సాఫ్ట్-ఫ్లోట్, బాగానే ఉంది. తప్పు నా సీరియల్ డ్రైవర్‌లో. క్యూఎములో ఉన్న 16550 యూఏఆర్‌టీ (సీరియల్ పోర్టు చిప్) రిజిస్టర్లు బైటుకొకటి. ఈ బోర్డులో 4 బైట్లకొకటి, డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాల జాబితా) రెగ్-షిఫ్ట్ 2 అని రాసే ఉంది. పంపడానికి ఖాళీ ఉందా అని నేను ఆఫ్‌సెట్ 5 దగ్గర అడుగుతున్నాను, అది ఉన్నదేమో 20 దగ్గర. జవాబు కోసం అక్కడే కూర్చుండిపోయింది.

అది మార్చాక రాత్రి ఒంటిగంటకు బోర్డు నుంచి మొదటి లైన్ వచ్చింది. రెండో లైన్ రాకముందే, ఎంఎంయూ (పేజింగ్ నడిపే హార్డ్‌వేర్) ఆన్ చేసిన చోట పేజ్ ఫాల్ట్. దానికి వేరే త్రెడ్ పెడతాను.